గోదావరి ఏటిగట్ల మీద ఏఈ ఉద్యోగం ఎలా ఉంటుంది?

ఇరిగేషన్ శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) సెలెక్టయి కోనసీమలో ఏటిగట్ల మీద పోస్టింగ్ పడిన ఒకరు అడిగిన ప్రశ్న ఇది. నేను గోదావరి పాయ అయిన వశిష్ఠ ఎడమగట్టు మీద ఏఈగా చేరి, డీఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా) రిటైరయ్యాను. జీతం, ప్రమోషన్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను 2022 జులై 16 రాత్రి గురించి చెబుతాను.

భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అదీ ఎప్పుడో దాటిపోయింది. గురుపౌర్ణమి వెళ్లి మూడు రోజులే కావడంతో సముద్రం పోటు మీద ఉంది. అలాంటప్పుడు ఏరు సముద్రంలో కలిసే అంతర్వేది దగ్గర నీరు లాగదు, ఏరు నిండుగా నిలబడిపోతుంది.

రాత్రి రెండింటికి, గట్టు మీద తిరిగి కాపలా కాసే లస్కర్ ఫోన్ చేశాడు. "సార్, కొబ్బరితోటలో బుంగ పడిందండి. నీరు ఎర్రగా వస్తోంది."

ఎర్రగా అనగానే నా కాళ్లలో సత్తువ పోయింది. ఏరు నిండినప్పుడు గట్టు అవతల, అంటే ఊరి వైపు, ఇలా నేలలో బుంగపడి ఊట రావడం మామూలే. తేటనీరైతే మనిషిని కాపలా పెడితే చాలు. మట్టినీరు వస్తోందంటే గట్టు లోపలి మట్టి కోసుకుపోతున్నట్టే, తెల్లారేలోపు గండి పడొచ్చు.

నేను వెళ్లేసరికి ఊరి కుర్రాళ్లు ఇసుక బస్తాలతో ఆ బుంగను పూడ్చేయబోతున్నారు. "మూయకండ్రా!" అని గట్టిగా అరిచాను. పాపం, వాళ్లు మంచి చేద్దామనే వచ్చారు. కానీ బుంగ మూస్తే నీరు ఇంకోచోట తన్నుకొస్తుంది. దాని చుట్టూ బస్తాలతో గుండ్రంగా కట్టాలి. లోపల నీరు నిలిచి ఎత్తు పెరిగేకొద్దీ ఏటి వైపు ఒత్తిడికి ఎదురు బరువు దొరికి, మట్టి కదలడం ఆగుతుంది. బస్తాలు చాలకపోతే ఒకావిడ ఇంట్లో బియ్యం కుమ్మరించి ఖాళీ సంచులు తెచ్చిచ్చింది. నాలుగు దాటాక లస్కర్ ఆ నీళ్లు దోసిట్లో పట్టి టార్చి వెలుగులో నాకు చూపించాడు. అరచేతి గీతలు కనిపించాయి. తేటపడింది.

అంత చీకట్లో అతను సరిగ్గా అక్కడికే ఎందుకు వెళ్లాడంటే, రెండేళ్ల కిందట కూలిన తాడిచెట్టు మొదలు అక్కడే కుళ్లిందని అతనికి తెలుసు. మా ఆఫీసు మ్యాపుల్లో ఆ చెట్టు లేదు. నేను చేరినప్పుడు ఆ సెక్షన్‌లో ఆరుగురు లస్కర్లు ఉండేవారు, రిటైరయ్యేనాటికి ఇద్దరు మిగిలారు. 1986 ఆగస్టు వరదకు గట్లు తెగడం చూసినవాణ్ణి నేను. ఆ తర్వాత గట్లు ఎత్తు పెంచారు, మంచిదే. కానీ గట్టు మీద మనిషి తిరగకపోతే ఆ ఎత్తు ఎందుకూ పనికిరాదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. ఇసుక ట్రాక్టర్ల కోసం వేసవిలో గట్టు కోసి బాట వేస్తారు, వరదొచ్చాక అదే చోట బస్తాలకు పరుగులు. ఏరు పొంగితే, పొలాల నీరు ఏట్లోకి పోయే డ్రెయిన్‌కు గట్టు దగ్గర ఉండే స్లూయిజ్ తలుపులు దించాలి, లేకపోతే ఏటినీరు డ్రెయిన్లోకి ఎదురెక్కుతుంది. దించితే వాననీరు పోయే దారిలేక నారుమళ్లు మునుగుతాయి. తలుపులెత్తమని రైతులు మీదికొస్తారు. వాళ్ల కోపం న్యాయమే, అయినా ఎత్తలేం. ఆ టెన్షన్లో నిద్ర ఉండదు. వరద చూడ్డానికి కార్లలో వచ్చి గట్టు మీదే ఆపేసేవాళ్లను మాత్రం నేను క్షమించలేను. ఆ రాత్రి మా ఇసుక లారీ అరగంట వాళ్ల వెనకే ఆగిపోయింది.

మీరు చేరిన వారంలోనే లస్కర్‌ని వెంటబెట్టుకుని గట్టు అవతలి అడుగు వెంట, తోటల్లోంచి నడవండి. జీపులో పైనుంచి వెళ్తే ఏమీ కనపడదు. ఎలుక బొరియలు, పీత బొరియలు, కుళ్లిన మొదళ్లు అతను చూపిస్తాడు. అలాంటి ప్రతిచోటా సున్నం కొట్టిన రాయి పాతించండి. జూన్ లోపు ఆ పని అయిపోవాలి.