నీడలో తెల్లరంగు కలపకు

బిడ్డా,

నువ్వు పంపిన పానగల్లు బొమ్మ ఫోన్లో పెద్దది చేసి మరీ చూశాను. ఛాయా సోమేశ్వరాలయం స్తంభాలు బాగా కుదిరాయి. దెబ్బతిన్నది నీడ దగ్గరే. గర్భగుడిలో పడే ఆ నీడను చూడటానికే జనం వస్తారు, నువ్వేమో అక్కడ బూడిద పూసినట్టు చేశావు. నలుపులో తెలుపు కలిపావు కదూ?

నీడలోంచి రాయి కనబడాలి. అంటే కప్పని రంగు కావాలి. వాటర్ కలర్ పల్చగా వేస్తే వెలుగు అందులోంచి దూరి, కాగితం తెలుపును తాకి తిరిగొస్తుంది. పోస్టర్ కలర్ మీద నుంచి పైపైనే మళ్లిపోతుంది, కింద ఏముందో కంటికి అందదు.

మన ఇంటి గోడకు వేసే సున్నం చూశావుగా. తడిగా ఉన్నంతసేపు పూయనట్టే ఉంటుంది, ఆరాక తెల్లగా తేలుతుంది. రేణువుల మధ్య నీళ్లు పోయి గాలి చేరితే వెలుగు ఎక్కువగా చెదురుతుంది, అందుకే ఆ తెలుపు. సుద్దపొడిని అవిసె నూనెలో కలిపితే దాదాపు మాయమవుతుంది, ఎందుకంటే రెండింటి వక్రీభవన గుణకాలు, అంటే వెలుగును ఎంత వంచుతాయో చెప్పే అంకెలు, దగ్గర దగ్గర. నూనెది సుమారు 1.48. నువ్వు కలిపిన తెలుపు, టైటానియం వైట్‌ది 2.5 పైనే, కాబట్టి ఎందులో కలిపినా కప్పేస్తుంది. నీ నీడను చంపింది అదే.

నేను బోర్డులు రాసే రోజుల్లో పసుపుతో ఇదే తంటా, కాకపోతే తిరగబడి. నల్ల బోర్డు మీద రెండు కోటింగులు వేసినా కింది నలుపు తొంగిచూసేది. ముందు తెల్లక్షరం రాసి, ఆరాక దాని మీద పసుపు వేసేవాళ్లం. డబ్బులిచ్చేవాడికి ఆ రెట్టింపు పని కనబడేది కాదులే.

కొత్త ట్యూబులు కొనకు. నీళ్లకు చెదరని నల్ల మార్కర్‌తో ఒక గీత గీసి, ఉన్న రంగులన్నీ దాని మీదుగా పట్టీలుగా లాగు. గీత మాసిపోతే అది కప్పే రంగు. కాడ్మియం రెడ్ మాపేస్తుంది, అల్ట్రామెరైన్ నీలం మాపదు. చాలా ట్యూబుల మీద చిన్న గడి కూడా ఉంటుంది: ఖాళీగా ఉంటే ట్రాన్స్‌పరెంట్, నిండుగా ఉంటే ఒపేక్. కంపెనీని బట్టి మారుతుంది, నీ పట్టీనే నమ్ము.

నీడకు అల్ట్రామెరైన్‌లో కాస్త బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), నీళ్లు ఎక్కువ. రాయి రంగు పూర్తిగా ఆరాక ఒక్కసారే లాగు, రుద్దితే కిందిది లేచి బురదవుతుంది. తెలుపు కావాలంటే దీపం ఒత్తి దగ్గర ఒక్క చుక్క, అదీ చివర్లో.

మళ్లీ వేసి పంపు.

మీ పెదనాయిన
నల్లగొండ