మూత పెట్టిన ప్లేటులో మూడు దోసెలు

ప్రశ్న: నా వయసు 42. నెల్లూరులో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. వేదాయపాళెంలో కాపురం. మూడేళ్ళ కింద షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పాక సైకిల్ మొదలుపెట్టాను. ఇప్పుడది నా ప్రాణం. ఆదివారాలు గంటకి 25 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నాను. నవంబరులో 200 కిలోమీటర్ల బ్రెవె (టైములోపల పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) చేయాలని, తర్వాత ఇంకా పెద్దవి చేసి సూపర్ రాండొన్యూర్ అనిపించుకోవాలని, కుదిరితే 2027లో ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ రైడ్‌కి వెళ్ళాలని ఆశ. నెట్‌లో దొరికిన ఒక యూరప్ కోచ్ ప్లాన్ ప్రకారం సెప్టెంబరు నుంచి వారానికి ఆరు రోజులు, మొత్తం పది గంటలు ప్రాక్టీస్ చేస్తున్నాను.

మా ఆవిడ ఇంటి ముందుగదిలో జాకెట్లు కుడుతుంది, మగ్గం వర్క్ కూడా చేస్తుంది. లైనింగ్ జాకెట్టుకి 400 తీసుకుంటుంది. పాప టెన్త్, బాబు రెండో తరగతి, అమ్మ మా దగ్గరే. వినాయక చవితి తర్వాత ఒక ఆదివారం తొమ్మిదికల్లా వస్తానని చెప్పి మైపాడు వైపు వెళ్ళాను. పంక్చరైంది, తర్వాత ఫ్రెండ్స్‌తో టీ. ఇంటికొచ్చేసరికి పావుతక్కువ పదకొండు. బాబుని డ్రాయింగ్ పోటీకి నేను తీసుకెళ్ళాలి. ఆవిడే మిషన్ ఆపి ఆటోలో తీసుకెళ్ళింది. టేబుల్ మీద మూత పెట్టిన ప్లేటులో మూడు కారం దోసెలు చల్లారి ఉన్నాయి. గొడవ పడలేదు. సాయంత్రం ఒకటే మాట అంది: "మీకు ఆదివారం ఉంది. నాకేదీ?" అప్పటినుంచీ అవసరమైతేనే మాట్లాడుతోంది.

కార్తీకంలో అమ్మని జొన్నవాడ తీసుకెళ్ళాలి. మీరంతా కారులో రండి, నేను సైకిల్ మీద వచ్చి కలుస్తానంటే మొహం చిట్లించింది. బాబు తన చిన్న సైకిల్‌కి గాలి కొట్టమని వేసవి సెలవుల నుంచీ అడుగుతున్నాడు, అదీ కుదరడం లేదు. నేను తాగను, పేకాడను. ఆరోగ్యం కోసం వారానికి పది గంటలు అడగడం తప్పా? ఇంకొకటి, సైకిల్ 85 వేలు, చీటీ పాడి కొన్నాను. ఇంట్లో 35 అని చెప్పాను. అదేమంత పెద్ద విషయం కాదనుకోండి.

జవాబు: మీ ఉత్తరంలో నేను ముందు పట్టుకున్నది ఆ మూడు దోసెల్ని.

కారం దోసె చల్లారితే ఏమవుతుందో నెల్లూరు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఎర్రకారం పూసిన తోలు ముక్క. ఆ సంగతి ఆవిడకి మీకంటే బాగా తెలుసు. అయినా పోసింది, ఎందుకంటే మీరు తొమ్మిదన్నారు. మిషన్ దగ్గర్నుంచి లేచి, పెనం పెట్టి, మీరు గేటు తీసే వేళకి వేడిగా ఉండాలని పోసింది. ఒకటి పోసి చూద్దామనుకోలేదు, మూడూ పోసింది. అంటే అప్పటికి మీ మాట మీద ఆవిడకి నమ్మకం ఉంది. తొమ్మిదిన్నరకో ఎప్పుడో ప్లేటు మీద మూత పెట్టి, పిల్లాడికి చొక్కా తొడిగి ఆటో పిలిచింది. ప్లేటు మీద మూత పెట్టడం నాకు బాగా వచ్చిన భాష. మా ఆయన షటిల్ ఆడే రోజుల్లో నేనూ ఏళ్ళ తరబడి ఆ భాషే మాట్లాడాను. ఆయనకి అర్థమయ్యేసరికి మోకాళ్ళు అరిగిపోయి ఆటే మానేశారు. మీకు అంత కాలం పట్టకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

లెక్కల మాస్టారు కదా, లెక్కే చేద్దాం. ఆదివారం రైడ్ నాలుగు గంటలు అనుకోండి. శనివారం రాత్రి తొమ్మిదికే పడుకుంటారు. "నాన్న పొద్దున్నే లేవాలి" అని పిల్లల నోళ్ళు మూయించి టీవీ కట్టేయడం ఓ రెండు గంటలు. వచ్చాక స్నానం, సైకిల్ తుడవడం, చైన్‌కి ఆయిల్ వేయడం ఒక గంట. మధ్యాహ్నం కునుకు రెండు గంటలు. స్ట్రావా యాప్‌లో ఎంత తొక్కారో చూసుకుని గ్రూపులో ఫోటోలు పెట్టడం అరగంట. మీ నాలుగు తొమ్మిదిన్నర అయ్యాయి. మిగతా అయిదు రోజుల ఆరు గంటలకి, రోజూ తయారవడానికీ చెమటలార్చుకోవడానికీ అరగంట చొప్పున కలపండి, ఎనిమిదిన్నర. మొత్తం పద్దెనిమిది. ఆ పొద్దుటి వేళల్లోనే పాలు, మోటారు, క్యారేజీలు, అమ్మకి కాఫీ, టెన్త్ పిల్లని లేపడం ఉంటాయి. మీరు పది అంటున్నారు, ఆవిడ పద్దెనిమిది చూస్తోంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

"తాగను, పేకాడను" అన్న మాట నాకొచ్చే మగవాళ్ళ ఉత్తరాల్లో రెండింట ఒకదానిలో ఉంటుంది. లేని ఖర్చుని జమలో రాసుకుంటే ఏ ఆడిటరూ ఒప్పుకోడు.

ఆరోగ్యం సంగతికొస్తే, మీరు సైకిల్ మానేయాలని నేను చచ్చినా అనను. షుగర్ అంచు మీద ఉన్న మనిషి మూడేళ్ళు విడవకుండా తొక్కడం చిన్న విషయం కాదు. కానీ పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రెండున్నర గంటలు. మీ వంటికి ఇంకాస్త ఎక్కువే కావాలేమో, నాలుగనుకుందాం. మిగతాది ఆరోగ్యం కాదు, ఇష్టం. ఇష్టం ఉండటం తప్పు కాదు, నలభై దాటాక ఒక ఇష్టం మిగిలి ఉండటం అదృష్టమే. ఇష్టాన్ని ఆరోగ్యం అని పేరు మార్చి అడిగితేనే చిక్కు. భర్త ఆరోగ్యానికి వద్దని ఏ భార్య అంటుంది? వద్దని అనలేదు కాబట్టి ప్లేటు మీద మూత పెడుతుంది. "నాకిది ఇష్టం, నాకు ఇన్ని గంటలు కావాలి, నీకేం కావాలి?" అని అడిగి చూడండి. ఆవిడకి బేరమాడే వీలు దొరుకుతుంది.

బ్రెవె అంటే ఏమిటో నాకు తెలియదు. ఒంగోలులో మా మేనల్లుడు తొక్కుతాడు, వాణ్ణి ఫోన్లో కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలట, 300కి 20, 400కి 27, 600కి 40. నాలుగూ ఒకే సీజన్లో పూర్తిచేస్తే మీరన్న సూపర్ రాండొన్యూర్. పందెం కాదు, ఫస్టు లేదు, లాస్టు లేదు, టైములోపల చేరితే చాలు. సీజన్ నవంబరు 1న మొదలై మరుసటి ఏడు అక్టోబరు ఆఖరు దాకా ఉంటుంది. పదమూడున్నర గంటల్లో 200 అంటే టీలు, పంక్చర్లు అన్నీ కలుపుకుని గంటకి 15 కిలోమీటర్లు. మీరు 25 తొక్కుతున్నారు. ఇంకా వారానికి ఆరు రోజులు ఎవరిని పట్టుకోవడానికి ఈ తొక్కుడు? అన్నిటికీ మించి, నవంబరే ఎందుకు?

ఆ యూరప్ కోచ్ శరదృతువు వేరు, మనది వేరు. ఆయన దగ్గర వేసవి పందేలు అయిపోయి, మంచు పడేలోపు తీరిగ్గా కిలోమీటర్లు పోగేసుకునే కాలం అది. మనకి ఈశాన్య రుతుపవనాలు దిగేది ఆ రోజుల్లోనే. నెల్లూరు జిల్లా ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురుస్తుంది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవేనే కోసుకుపోయిన సంగతి మీరు మర్చిపోయి ఉండరు. అల్పపీడనం పట్టిన తెల్లవారుజామున, కృష్ణపట్నం పోర్టు లారీలు తిరిగే రోడ్డు మీద, చీకట్లో మీరు. మిషన్ చప్పుడాగిన గదిలో ఫోన్ పక్కన పెట్టుకుని ఆవిడ. ఆవిడ ఈ భయం సంగతి మీతో ఎప్పుడూ చెప్పి ఉండదు.

ఇంకొక సీజన్ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. మీ ఆవిడ సీజన్. దసరా, దీపావళి, ఆ వెంటనే కార్తీకంలో పెళ్ళి ముహూర్తాలు. జాకెట్లు కుట్టే ఇంట్లో ఏడాది సంపాదనలో పెద్ద ముక్క ఈ రెండున్నర నెలల్లోనే వస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే మీరు ఆరు రోజుల ప్లాన్ పట్టుకొచ్చారు. మీకు దసరా సెలవులు, ఆవిడకి దసరా ఆర్డర్లు. ఒకే పండగ.

నేను చెప్పేదేమిటంటే, ఆవిడ ఆర్డర్ల పుస్తకం అడిగి తీసుకోండి. ఏ తేదీకి ఎన్ని ఇవ్వాలో అందులో ఉంటుంది. ఆ పుస్తకం పక్కన మీ ప్లాన్ పెట్టి చూడండి, ఒకటి చించేయాలని మీకే తోస్తుంది. ధనుర్మాసం పట్టాక పెళ్ళి జాకెట్లు తగ్గుతాయి. సంక్రాంతి ముందు వారం పదిరోజులు మళ్ళీ మిషన్‌కి ఊపిరాడదు. పండగ దాటి, మాఘం ముహూర్తాలు మొదలయ్యేలోపు దొరికే సందు చూసుకోండి. తిథుల్ని బట్టి ఏటేటా అది మారుతుంది, ఆవిడకైతే నోటికి తెలిసి ఉంటుంది. వానలు వెనకబడి, ఎండ ముదరని ఆ రోజుల్లో మీ 200 చేయండి. ఈ ఏటికి అదొక్కటే. మార్చిలో పాపకి పబ్లిక్ పరీక్షలు, కాబట్టి 300, 400 మాట ఇప్పుడు ఎత్తకండి. పారిస్ వాళ్ళ 1200 కిలోమీటర్ల రైడ్ నాలుగేళ్ళకోసారి, దానికి తొంభై గంటలు. దాని అర్హతకి కావాల్సింది ఆ ఏటి సీజన్లో చేసిన బ్రెవెలేనని మేనల్లుడే చెప్పాడు. 1891 నుంచీ ఉన్న రైడ్ అట, మీ పాప పరీక్షలు అయ్యేలోపు పారిపోదు.

అప్పటిదాకా వారంలో రెండు రోజులు గంట చొప్పున, ఒక ఆదివారం పెద్ద రైడ్. మరుసటి ఆదివారం మీరు ఇంట్లో, పూర్తిగా ఇంట్లో. మాట్లాడుతూ తొక్కగలిగేంత తేలిగ్గానే ఎక్కువ దూరం తొక్కాలని, మూడు వారాలు పెంచుకుంటూ పోయి నాలుగో వారం తగ్గించాలని వాడు చెప్పాడు. వాన పడితే ఆ రోజు వదిలేయండి. వానాకాలానికి ఇంట్లో తొక్కే ట్రైనర్ కొనుక్కోవచ్చట. మీరు మాత్రం కొనకండి, ఇప్పుడున్న పరిస్థితిలో మీ ఇంటికి ఇంకో అట్టపెట్టె రావడం నాకిష్టం లేదు.

పెద్ద రైడ్ రోజు కిలోమీటర్లని బట్టి కాదు, గడియారాన్ని బట్టి వెనక్కి తిరగండి. తొమ్మిదికి ఇంట్లో ఉండాలంటే ఏడుంబావుకి, మైపాడు సముద్రం ఎదురుగా కనిపిస్తున్నా సరే, తిరిగిపోవాలి. "తొమ్మిది" అని నోటిదాకా వచ్చినప్పుడు "పది" అని చెప్పి తొమ్మిదిన్నరకి రండి. రెండు ట్యూబులు దగ్గరుంటే పంక్చర్‌కి ఇరవై నిమిషాలు మించవు. మీకు గంటా నలభై అయిదు నిమిషాలు పట్టింది. మిగతాది టీ. నాలుగున్నరకి చీకట్లో బయల్దేరడం మానేసి కాస్త వెలుతురు వచ్చాక బయల్దేరండి. వెనక లైటు, మెరిసే జాకెట్టు ఎలాగూ రాత్రి బ్రెవెల్లో తప్పనిసరి, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి. వాట్సాప్‌లో లొకేషన్ పెట్టి వెళ్ళండి.

ఇంట్లో ఉండే ఆదివారం "నీకు సాయం చేస్తా" అనకండి. ఆ మాటలోనే పని ఆవిడదన్న అర్థం ఉంది. టిఫిన్ మీరు చేయండి, పిల్లల్ని మీరు చూసుకోండి, కస్టమర్ల ఫోన్లు మీరెత్తండి. చీర ముక్క పట్టుకుని చిన్నబజారులో మ్యాచింగ్ సెంటర్‌కి పోయి లైనింగ్ గుడ్డ తెండి. దానికి మాత్రం సైకిల్ మీద వెళ్ళొచ్చు. ఆ రోజుతో ఆవిడ ఏం చేసుకుంటుందన్నది ఆవిడ ఇష్టం. వాకింగ్‌కి వెళ్ళు, నీ ఆరోగ్యానికి మంచిది అని మాత్రం దయచేసి చెప్పకండి. ఏడింటిదాకా నిద్రపోతుందేమో, పోనివ్వండి.

జొన్నవాడ సంగతి. నేనైనా మొహం చిట్లిస్తాను. కార్తీక సోమవారం ఉపవాసమున్న పెద్దావిడని పెన్న ఒడ్డుకి చెయ్యి పట్టి దింపేదెవరు? ఒత్తులు, నూనె, దొప్పలు పట్టుకునేదెవరు? మీరేమో ఆ బిగుతు నిక్కరుతో, చెమట కారుతూ కామాక్షమ్మ గుడి ముందు దిగి, రూటు సేవ్ అయిందా లేదా అని ఫోన్ చూసుకుంటుంటారు. పట్టుమని పన్నెండు కిలోమీటర్లు, అదీ ఒక రైడేనా! పంచె కట్టుకుని కారు ముందుసీట్లో కూర్చోండి.

బాబు సైకిల్‌కి ఈ ఉత్తరం చదవడం ఆపి గాలి కొట్టి రండి. మీ చైన్‌కి వారం వారం ఆయిల్ పడుతోందని వాడు చూస్తూనే ఉన్నాడు.

ఇక పెద్ద విషయం కాదన్న విషయం. మీరు దాచింది 50 వేలు. ఆవిడ దాన్ని రూపాయల్లో లెక్కేయదు, జాకెట్లలో లెక్కేస్తుంది. 400 చొప్పున నూట పాతిక లైనింగ్ జాకెట్లు. ఒక్కో జాకెట్టుకి హుక్సు, చేతికుట్టు, మెడ సరిగా రాలేదని వెనక్కి తెచ్చే కస్టమర్ కూడా కలుపుకుని. ఎవరో ఫ్రెండ్ ఇంటికొచ్చి "అన్నా, ఎనభై అయిదుకి మంచి బండి పడింది" అని నోరు జారే రోజు వస్తుంది. ఆలోపే మీరు చెప్పాలి. అయితే ఇప్పుడు కాదు. దీపావళి ఆర్డర్లు ఇచ్చేశాక ఆవిడ కాస్త కాళ్ళు చాపుకుని కూర్చున్న పూట, పిల్లలు లేనప్పుడు, బిల్లు చేతిలో పెట్టి చెప్పండి. షాపువాడు తగ్గించాడు, ఫ్రెండు ఇప్పించాడు లాంటి కథలొద్దు. కోప్పడుతుంది. పూర్తిగా కోప్పడనివ్వండి, మధ్యలో షుగర్ రిపోర్టు తీయకండి. ఆ మరుసటి ఆదివారం మీ రైడ్ వంతు అయినా సరే, వెళ్ళకండి.