మాటలు ఆగిపోయినా ఆ గుర్తును ఉంచుకోండి

ఇల్లు మారుతూ సామాను సర్దుకుంటుంటే కాలేజీ స్నేహితురాలు ఇచ్చిన చిన్న కీచైన్ దొరికిందనీ, ఆమెతో ఏళ్ల తరబడి మాటలే లేనప్పుడు దాన్ని దాచుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడం కాదా అనీ అడిగారు. కాదు. తప్పకుండా ఉంచుకోండి. నేనింత గట్టిగా చెప్పడానికి కారణం మా పూజగదిలోని కుంకుమ భరిణె.

1994లో నేనూ నా స్నేహితురాలూ అనకాపల్లిలో డిగ్రీ చదువుతున్నాం. ఆమె అమ్మమ్మగారి ఊరు వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. ఒక సెలవు రోజున నన్ను అక్కడికి తీసుకెళ్లింది. లక్క బొమ్మల తయారీ నేను దగ్గరగా చూడడం అదే మొదలు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలితో రూపం తెస్తారు. ఆ తిరుగుతున్న కర్రకే రంగు కలిపిన లక్కను ఆనిస్తే, రాపిడికి పుట్టిన వేడితో లక్క మెత్తబడి కర్రకు పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దగానే అద్దంలా మెరుస్తుంది. మేము కదలకుండా గంటసేపు చూస్తూ కూర్చున్నాం.

చెరొక భరిణె కొనుక్కున్నాం. నాది పసుపు, ఆమెది ఎరుపు. మూతలు మార్చుకుందామన్నది ఆమె. వాటిని చేసిన పెద్దాయన ఒప్పుకోలేదు. "దేని మూత దానికేనమ్మా, చేత్తో చేసినవి, కలవవు" అన్నాడు. మేము పట్టు విడవకపోతే నా భరిణె అంచును కాస్త చెక్కి, ఎర్ర మూతను బలంగా నొక్కి ఇచ్చాడు. అలా ఎర్ర మూత ఉన్న పసుపు భరిణె నాతో వచ్చింది.

1998లో నా పెళ్లికి ఆమె రాలేదు. కోపం పట్టలేక నిష్ఠూరంగా ఉత్తరం రాశాను. ఆ వారంలోనే వాళ్ల నాన్నగారికి గుండెపోటు వచ్చిందని నాకు తెలిసేసరికి ఆ ఉత్తరం ఆమెకు చేరిపోయింది. క్షమాపణ అడగడానికి సిగ్గుపడ్డాను. ఒక నెల ఆగితే రెండో నెల ఇంకా కష్టమైంది. అలా పంతొమ్మిదేళ్లు గడిచాయి.

ఆ పంతొమ్మిదేళ్లూ ఆ భరిణెను రోజూ వాడాను. ఒకసారి పిల్లలు దాన్ని దీపానికి మరీ దగ్గరగా పెట్టారు. లక్క మెత్తబడి మూత ఒక పక్క బుడిపెలు కట్టింది. కొత్తది కొనుక్కోమని ఇంట్లో అందరూ అన్నారు. నాకు చేతులు రాలేదు. ఆమె తిరిగి వస్తుందన్న ఆశతో ఉంచుకున్నానని కాదు, నిజానికి ఆ ఆశ ఏనాడో వదిలేశాను. కానీ ఆ మూడేళ్ల చెలిమి జరిగింది కదా. జ్వరం వస్తే హాస్టల్ గదిలో రాత్రంతా నా పక్కన కూర్చున్నది ఆమే కదా. ఆ తర్వాత నేను చేసిన తప్పు దాన్ని జరగనిదిగా చేయలేదు. మీరు మభ్యపెట్టుకోవడం అంటున్నారు. ఆ భరిణెను పారేసి, ఆమె నాకేమీ కాదు అనుకోవడమే నా దృష్టిలో అసలైన అబద్ధం అయ్యేది.

2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివాను. ఆ రోజు ఆగలేకపోయాను. తెలిసినవాళ్ల ద్వారా నంబరు సంపాదించి ఫోన్ చేశాను. పేరు చెప్పాక అవతల కాసేపు నిశ్శబ్దం. నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే ఆమె అంది: "నీ పసుపు మూత నా భరిణెకు మొదటి నుంచీ వదులే. దారం చుట్టి పెట్టుకుంటున్నాను."

ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటున్నామని చెప్పను. ఆమె సంబల్‌పూర్‌లో ఉంటుంది. ఏడాదికి రెండు మూడు ఫోన్లు, అంతే. మీ స్నేహితురాలు కూడా ఇలాగే పలుకుతుందని మాట ఇవ్వలేను. ఒక్కటి మాత్రం చేయండి. ఆ కీచైన్‌ను మళ్లీ పెట్టెలో వేయకండి, కొత్త ఇంటి తాళం దానికే తగిలించండి.

నా భరిణె మూత ఇప్పటికీ బిగుతే. తీయడానికి రెండు చేతులూ కావాలి.