మల్టీమోడ్ కేబుల్‌కి సింగిల్‌మోడ్ ముక్క అతికిస్తే పనిచేస్తుందా?

ఫ్యాక్టరీలో పాత మల్టీమోడ్ ఫైబర్ కేబుల్ (గాజు పోగుల్లో వెలుగు నడిచే కేబుళ్లలో ఒక రకం) ఉంది, దాన్ని కొత్త షెడ్డు దాకా పొడిగించాలి, చేతిలో ఇంకో రకం, సింగిల్‌మోడ్ కేబుల్ మిగిలి ఉంది, రెండూ కలిపి స్ప్లైస్ చేయొచ్చా, అంటే పోగులు కరిగించి అతికించొచ్చా అని అడిగారు. అతుకు పడుతుందండి. బ్రహ్మాండంగా పడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా నాది అతుకుల బతుకే. మీరు చేద్దామనుకుంటున్న పని జీడిమెట్లలో ఒక కంపెనీలో మావాళ్లు చేసేశారు. పాత కేబుల్ ఆఫీసు నుంచి క్యాంటీన్ పక్క స్తంభం దాకా ఉంది. అక్కడి నుంచి కొత్త గేటుకి వేరే కేబుల్ లాగాలి. కెమెరాలు, హాజరు మెషిన్ గేటు దగ్గర పెట్టారు. ఆ రోజు నేను ఉప్పల్‌లో ఇంకో పనిలో ఉండి కుర్రాణ్ణి పంపాను. సాయంత్రం ఫోన్ చేశాడు. "అన్నా, రెండు కోర్లు కొట్టిన. రెండిట్ల పాయింట్ జీరో వన్నే వచ్చింది. గని గేటు కాడ లింకు లైటు వస్తలేదు. ఆఫీసుల మంచిగనే వెలుగుతుంది."

కోర్ కొట్టడమంటే పోగు అతికించడం. పాయింట్ జీరో వన్ అంటే అతుకులో ఇంత వెలుగు పోతోందని అతికించే మెషిన్ చూపించే అంకె, ఎంత తక్కువైతే అంత మంచిది. ఒకవైపు లైటు వెలిగి, ఇంకోవైపు వెలగకపోతే ఎవరైనా ఏమనుకుంటారు? వెలుగుని నెట్‌వర్క్ వైరుకి మార్చే పెట్టె, అదే మీడియా కన్వర్టర్, పోయిందనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొత్త జత కొనుక్కుని వెళ్లి పెట్టాను. అదే కథ. పాత అతుకులు తెంపి మళ్లీ కొట్టాం. 0.02, 0.01. మే నెల ఎండ, ఇనుప నిచ్చెన, కింద నిలబడి "ఎంతసేపు బాబూ" అనే మేనేజరు గారు. ఇంకోసారి తెంపాం.

చివరికి ఎప్పుడో తీయాల్సిన పవర్ మీటర్ బయటికి తీశాను. ఆఫీసు కన్వర్టర్ దగ్గర వెలుగు మైనస్ 17 డీబీఎం (వెలుగు బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ). గేటు దగ్గరికొచ్చేసరికి మైనస్ 39. అంటే 22 డీబీ గల్లంతు, నూటికి ఒక పాలు కూడా చేరట్లేదు. గేటు నుంచి ఆఫీసుకి చూస్తే మైనస్ 10 బయల్దేరి మైనస్ 11 చేరుతోంది. పోగు తేడానేమో అని రెండు పోగులూ అటూ ఇటూ మార్చాను. ఏ పోగైనా సరే, ఆఫీసు నుంచి గేటుకి వెళ్లే వెలుగే చస్తోంది.

అప్పుడు నిచ్చెన మీదే కూర్చుని రెండు కేబుళ్ల తొడుగులూ జేబురుమాలుతో తుడిచాను. బయట వేసేవి రెండూ నలుపే. కొత్తదాని మీద జీ.652 అని అచ్చు కనబడింది, అంటే సింగిల్‌మోడ్. పాతదాని మీద ఎండకి వెలిసిపోయి, అంకె అంకె కూడబలుక్కుంటే 62.5/125 అని ఉంది, అంటే మల్టీమోడ్. పసుపు అయితే సింగిల్‌మోడ్, నారింజ అయితే మల్టీమోడ్ అనే గుర్తులు లోపల వాడే కేబుళ్లకి, ప్యాచ్ కార్డులకే (రెండు చివర్లా కనెక్టర్లున్న పొట్టి కేబుళ్లు). బయటి కేబుల్ ఒలిస్తే రెండింట్లోనూ అదే నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగు పోగులు వరసగా కనబడతాయి. కుర్రాడు నీలానికి నీలం, నారింజకి నారింజ కలిపాడు. వాడి తప్పేముంది?

దీనికి నేను మన మాటల్నే తిడతాను. ఇక్కడ పోగుని కోర్ అంటాం. ఆరు కోర్ల కేబుల్, ఇరవై నాలుగు కోర్ల కేబుల్. పోగే కోర్ అయిపోయాక, పోగు లోపల వెలుగు నడిచే అసలు కోర్ ఒకటుందన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? గాజు వెడల్పు రెండింటికీ 125 మైక్రాన్లే. లోపలి కోర్ మాత్రం సింగిల్‌మోడ్‌లో 9 మైక్రాన్లు, మీ పాతదాంట్లో 50 గానీ 62.5 గానీ. చెంబులో నీళ్లు బిందెలో పోస్తే చుక్క కిందపడదు. అదే బిందె ఎత్తి సీసా మూతిలో కుమ్మరిస్తే? విస్తీర్ణం లెక్కన 62.5 కోర్‌లో 48వ వంతే 9 కోర్‌కి ఎదురుగా ఉంటుంది. పైగా మల్టీమోడ్‌లో ఏటవాలుగా వచ్చే వెలుగుని సింగిల్‌మోడ్ పట్టుకోలేదు. అది ఇంకో దెబ్బ. మధ్యలో సింగిల్‌మోడ్ ముక్క వేసి రెండు చివర్లా మల్టీమోడ్ ఉంచితే ఇంకా దారుణం, రెండు దిక్కులూ పోతాయి.

మరి మెషిన్ 0.01 ఎలా చూపించింది? అది వెలుగుని కొలవదండి. కెమెరాతో అతుకు బొమ్మ తీసి, అంచులు కుదిరాయా లేదా చూసి అంచనా వేస్తుంది. మాది చవక మెషిన్, గాజు బయటి అంచు చూసే కలుపుతుంది. ఆ అంకె ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితేనే బిల్లు పాస్ చేసే ఇంజనీర్లున్నారు. పవర్ మీటర్ రీడింగ్ అడిగినవాళ్లని ఈ ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వినాయక చవితికి పెద్ద విగ్రహాల కోసం కేబుళ్లు కోసేస్తే అర్ధరాత్రి టార్చ్ వెలుతుర్లో అతికించే మాకు, మీటర్ తీసే తీరికెక్కడిది అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో నాకు ఎప్పుడూ గొడవే.

కావాలనే ఈ రెండూ అతికించే చోటు ఒకటుంది. గిగాబిట్ లేజర్‌ని పాత మల్టీమోడ్‌లోకి పంపడానికి మోడ్ కండిషనింగ్ ప్యాచ్ కార్డ్ అని వస్తుంది. అందులో సింగిల్‌మోడ్‌ని మల్టీమోడ్ నడిమధ్యకి కాకుండా కాస్త పక్కకి జరిపి అతికిస్తారు. అది ఫ్యాక్టరీలో కొలిచి చేసే పని, స్తంభం మీద చేసేది కాదు.

మీరు చేయాల్సింది ఇది: ఖర్చు భరించగలిగితే మొత్తం సింగిల్‌మోడ్ లాగండి. లేదంటే కలిసే చోట స్ప్లైస్ వద్దు. అక్కడ రెండు కన్వర్టర్లు పెట్టి, మధ్యలో మామూలు నెట్‌వర్క్ వైరు కలపండి. జీడిమెట్లలో అదే చేశాం. క్యాంటీన్ పక్క వాచ్‌మన్ గదిలో పెట్టె బిగించి, ఉన్న ఒక్క సాకెట్‌లో ప్లగ్గు పెట్టి వచ్చాం. వారం తిరక్కుండానే రోజూ రాత్రి పదకొండింటికి గేటు కెమెరాలు ఆగిపోతున్నాయని ఫోన్. మళ్లీ మీటర్ పట్టుకుని పరిగెత్తాను. ఆ సాకెట్‌లో వాచ్‌మన్ ఫోను చార్జర్ ఉంది.