మీ ప్రశ్న – మా జవాబు: ఫైనల్స్‌లో తేలే పేరు

ప్రశ్న: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 82 మ్యాచ్‌ల సీజనంతా రాణించిన ఆటగాడిని ఒక్క ఫైనల్స్ సిరీస్ చూసి తక్కువ చేస్తారు. ఇది న్యాయమేనా? – ఒక విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: కొంత అన్యాయమే. అయినా కారణం ఉంది. సీజన్‌లో రోజుకో జట్టుతో ఆట. మన లోపం ఎదుటివాళ్లు కనిపెట్టేలోపే ఊరు మారిపోతుంది. ఫైనల్స్‌లో ఒకే జట్టుతో ఏడు మ్యాచ్‌ల దాకా ఆడాలి. ముందు నాలుగు గెలిచినవాళ్లదే కప్పు. మధ్యలో దొరికే ఒకటి రెండు రోజుల్లో అవతలి కోచ్ వీడియోలు తిప్పి తిప్పి చూసి, ఏ చేతివైపు నెడితే తడబడతాడో, ఎంత దూరం నుంచి షాట్ కొట్టనిచ్చినా ఫర్వాలేదో తేల్చేస్తాడు. 2011 ఫైనల్స్‌లో డాలస్ జట్టు లెబ్రాన్ జేమ్స్‌ని ఇలాగే కట్టడి చేసింది. ఒక్కో మనిషిని కాక ఒక్కో చోటును కాపాడే జోన్ డిఫెన్స్ కూడా కలిపి ఆడి బుట్ట దగ్గరికి దారి మూసింది. సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 26.7 పాయింట్లు చేసినవాడు ఆ సిరీస్‌లో 17.8 దగ్గర ఆగిపోయాడు; నాలుగో మ్యాచ్‌లో 8 మాత్రమే. ఆ మచ్చ 2012 కప్పుతో కొంత పోయింది. 2016లో 1-3తో వెనకబడి కూడా, ఆ సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్‌ను ఓడించాక ఇక ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ప్రశ్న: సిరీస్‌లో కోచ్ చేతిలో నిజంగా ఉండేది ఎంత? మా స్కూలు జట్టుకు అందులో పనికొచ్చేది ఏమైనా ఉందా? – ఒక పీఈటీ, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చాలా ఉంది. 2013 ఫైనల్స్‌లో మయామీతో ఆరో మ్యాచ్ చూడండి. శాన్ ఆంటోనియో 3-2తో ముందుంది, చివరి క్షణాల్లో మూడు పాయింట్ల ఆధిక్యం. త్రీ పాయింటర్లను (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లను) ఆపడానికి, కాపలా కాసే మనిషిని చురుగ్గా మార్చుకోగలవాళ్లు కావాలని కోచ్ గ్రెగ్ పోపోవిచ్ పొడగరి టిమ్ డంకన్‌ను బెంచిపై కూర్చోబెట్టాడు. మయామీ మొదటి షాట్ తప్పింది. కానీ రీబౌండ్ (తప్పిన షాట్ తర్వాత వెనక్కి వచ్చే బంతి) మయామీ ఆటగాడు క్రిస్ బాష్‌కు దొరికింది, బంతి మూలకు వెళ్లింది, 5.2 సెకన్లుండగా రే అలెన్ త్రీ వేశాడు. స్కోరు సమమైంది. ఓవర్‌టైమ్‌లో (అదనపు సమయంలో) ఆ మ్యాచ్, తర్వాత కప్పు శాన్ ఆంటోనియో చేజారాయి. ఆలోచన తప్పు కాదని నా అభిప్రాయం. షాట్‌ను ఆపే ఏర్పాటుకు రీబౌండ్ మూల్యమైంది.

మరుసటి ఏడాది మళ్లీ అదే మయామీ. 1-1 అయ్యాక పోపోవిచ్ మార్చింది ఒక్క మనిషినే: మొదటి అయిదుగురిలోకి బోరిస్ డియావ్. పొడగరే అయినా పాస్ ఇవ్వగలడు కాబట్టి బంతి ఎక్కడా ఆగలేదు. వరసగా మూడు గెలిచి 4-1తో ముగించారు.

మీ పిల్లలతో ఇలా చేయించండి: మూడు పాయింట్ల ఆధిక్యం, 20 సెకన్లు, అయిదుగురికి అయిదుగురు. షాట్ తప్పగానే ఈల వేయకండి, రీబౌండ్ చేతికి చిక్కేదాకా ఆడనివ్వండి. షాట్ వెళ్లగానే అందరూ బంతినే చూస్తారు, తమ మనిషిని వీపుతో అడ్డుకోవడం మరచిపోతారు. పాయింట్లు పోయేది అక్కడే. ఓడిన మ్యాచ్ తర్వాత ఒక్క మార్పే చేయండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ప్రశ్న: ఓడినవాడికి పేరు రాదా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అరుదుగా వస్తుంది. ఓడిన జట్టు నుంచి ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు) అందుకున్నది జెర్రీ వెస్ట్ ఒక్కడే, 1969లో. ఏడో మ్యాచ్‌లో 42 పాయింట్లు చేసినా ఆయన జట్టు లేకర్స్ 106-108తో ఓడింది. ఆయన కప్పు ఎత్తింది 1972లో. ఆ ఫైనల్స్‌లో ఆయన గురి సరిగా కుదరలేదు.