గ్రాంటును నమ్ముకుని అమ్మాయిని బొమ్మలు వేసుకోనివ్వచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. చాలా ఏళ్ళుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి 22 ఏళ్ళు, బీఎఫ్‌ఏ ఆఖరి సంవత్సరం. బేగూరు వైపున్న వీరగల్లుల (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళ) బొమ్మలు గీసి, వాటి చరిత్ర రాస్తానంటోంది. ఉద్యోగం వద్దు, గ్రాంటు తెచ్చుకుంటానంటోంది. గ్రాంటంటే తిరిగి కట్టాలా? నమ్ముకోవచ్చా?

జవాబు: తిరిగి కట్టక్కర్లేదండీ. అలాగని జీతమూ కాదు. ఫలానా పని చేస్తానని చెప్పి తీసుకునే డబ్బు. మధ్యమధ్యలో పని ఎంతవరకు వచ్చిందో, డబ్బు దేనికి ఖర్చయిందో చూపించాలి. ఏం గీయాలో, ఎలా రాయాలో మాత్రం అమ్మాయి ఇష్టం.

ఆమె ఎంచుకున్న విషయం నాకెంతో నచ్చింది. బెంగళూరు పేరు మొదట కనిపించేది బేగూరు గుడిలోని వీరగల్లు మీదే, సుమారు క్రీ.శ. 890 నాటిది. ఊళ్ళోనే ఉన్న రాళ్ళ మీద ఇంత మనసుపడిన పిల్లను ఆపకండి.

ఇక డబ్బు సంగతి. బెంగళూరులోనే ఉన్న ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుంచి గ్రాంట్లు ఇస్తోంది. దరఖాస్తు తెలుగులోనూ రాసుకోవచ్చు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18-25 ఏళ్ళ కళాకారులకు నెలకు రూ. 5,000 చొప్పున రెండేళ్ళు స్కాలర్‌షిప్ ఇస్తుంది. పాతికేళ్ళు దాటాక జూనియర్ ఫెలోషిప్ నెలకు రూ. 10,000. ఈ డబ్బుతో బెంగళూరులో బతకలేరు. కాబట్టి వారంలో రెండుమూడు రోజులు డ్రాయింగ్ క్లాసులు చెప్పడమో, డిజైన్ పనో ఉండాల్సిందే. చెన్నై దగ్గర చోళమండల్ అనే కళాకారుల ఊరిని 1966లో కట్టుకున్న చిత్రకారులు బాతిక్ బట్టలు, చేతిపనులు అమ్మి సొంత బొమ్మలు వేసుకున్నారు. వాళ్ళ కళకు వచ్చిన లోటేమీ లేదు.

ఒక్క జాగ్రత్త. తవ్వకాలకు భారత పురావస్తు సర్వేక్షణ లైసెన్సు కావాలి. చూసి గీసుకోవడం వేరు. కానీ రాతి మీద కాగితం పరిచి అచ్చు తీయాలంటే ముందుగా అనుమతి అడగాలి.

నగరంలోని శాసనాలను మిథిక్ సొసైటీ అనే చరిత్ర పరిశోధన సంస్థవాళ్ళు త్రీడీ స్కాన్ చేస్తున్నారు, వెళ్ళి కలవమనండి. తర్వాత ఒక్క పేజీ రాయమనండి: ఏ రాళ్ళు, ఎన్ని నెలలు, ఎంత ఖర్చు, చివరికి చేతికొచ్చేదేమిటి. దాన్ని మొదట మీకు చదివి వినిపించమనండి. మీకు అర్థం కానిచోట గీత పెట్టండి. అక్కడ తిరగరాశాకే పంపమనండి.