రెజ్యూమె రాసే ఆయనకు ఎనిమిది వేలు ఇవ్వమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి కరీంనగర్‌లో బీకాం చేసి, 2019 నుంచి నాలుగేళ్లు గచ్చిబౌలిలోని ఒక కంపెనీలో అకౌంట్స్ పేయబుల్ (వెండార్లు, అంటే సరుకులూ సేవలూ అమ్మేవాళ్లు పంపిన బిల్లులు చూసి డబ్బు చెల్లించే) పని చేసింది. కాన్పు కోసం 2023 ఆగస్టులో మానేసింది. పాపకు రెండేళ్లు దాటాయి కాబట్టి మళ్లీ ఉద్యోగం చూసుకుంటోంది. నాలుగు నెలలుగా నౌకరీ వెబ్‌సైట్‌లో అప్లై చేస్తున్నా ఒక్క ఫోన్ రావడం లేదు. రెజ్యూమె రాసిపెట్టే ఒకాయన ఎనిమిది వేలు అడుగుతున్నారు, ఇంటర్వ్యూ కాల్స్ గ్యారంటీ అంటున్నారు. మధ్యలో ఖాళీ కనిపించకుండా తమకు తెలిసిన కన్సల్టెన్సీలో పనిచేసినట్టు చూపిస్తారట. ఇవ్వమంటారా?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: కన్సల్టెన్సీ మాట చదవగానే నాకు జవాబు దొరికిపోయిందండీ. ఆయనకు ఎనిమిది వేలు కాదు, ఎనిమిది రూపాయలు కూడా ఇవ్వకండి.

నీతి కోసం చెప్పడం లేదు. అమీర్‌పేట చుట్టుపక్కల ఇలాంటి ‘ఎక్స్‌పీరియన్స్’ అమ్ముకునేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. కానీ పెద్ద కంపెనీల్లో చేరేముందో, చేరిన కొత్తలోనో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ జరుగుతుంది. మీ అమ్మాయికి యూఏఎన్, అంటే పీఎఫ్ చందాదారులకిచ్చే నంబరు, ఉండే ఉంటుంది. ఏ కంపెనీలో ఎప్పుడు చేరింది, ఎప్పుడు మానేసింది అన్నది పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ దగ్గరున్న సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. కాగితం మీద ఉద్యోగం ఉండి పీఎఫ్ లేకపోతే జీతం స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు. అవెక్కడినుంచి తెస్తారు? ఆఫర్ వచ్చాక పోవడం కంటే అసలు రాకపోవడమే నయం. పైగా నాలుగేళ్ల నిజమైన అనుభవం ఉన్న అమ్మాయికి ఈ అబద్ధం అవసరమే లేదు.

‘గ్యారంటీ’ మాట కూడా అంతే. ఫోన్ చేయాలా వద్దా అన్నది రిక్రూటర్ చేతిలో ఉంటుంది, రాసేవాడి చేతిలో ఉండదు.

మరి ఇంకో మంచి రైటర్ దొరికితే? ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ఉద్యోగాల సలహాలిచ్చే ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనూ డబ్బులు తీసుకుని రెజ్యూమెలు రాశాను. ఒక అబ్బాయికి ప్రతి వాక్యం ‘స్పియర్‌హెడెడ్’ (ముందుండి నడిపించాను), ‘ఆర్కెస్ట్రేటెడ్’ (అన్నీ సమన్వయం చేశాను) అంటూ మొదలుపెట్టి మహా గొప్పగా రాసిచ్చాను. ఇంటర్వ్యూలో ‘మీరు దేన్ని స్పియర్‌హెడ్ చేశారో చెప్పండి’ అని అడిగారట. ఆ మాటకు అర్థమే తెలియదు పాపం, నోరు పెగల్లేదు. తప్పు అతనిది కాదు, నాది. అతన్ని పది నిమిషాలు కూడా ప్రశ్నలు అడగకుండా రాశాను.

రాసేవాడి పనిలో ముప్పావు వంతు అడగడమే. పాత రెజ్యూమె వాట్సాప్‌లో పంపించుకుని, రెండు రోజుల్లో రంగుల డిజైన్‌లో తిప్పి పంపేవాడు టైపిస్టు. గంటసేపు ఫోన్‌లో కూర్చోబెట్టి, విసుగొచ్చేదాకా ప్రశ్నలు వేసేవాడికైతే డబ్బులివ్వచ్చు.

ఏం అడగాలి? మీ అమ్మాయి రెజ్యూమెలో ‘వెండార్ ఇన్‌వాయిస్ ప్రాసెసింగ్ చూశాను’ అన్న తరహా వాక్యం ఒకటి ఉంటుందని నా అంచనా. అకౌంట్స్ పేయబుల్‌లో పనిచేసిన ప్రతివాళ్ల రెజ్యూమెలోనూ అదే ఉంటుంది. రోజుకు ఎన్ని ఇన్‌వాయిస్‌లు ఎక్కించేది? పర్చేజ్ ఆర్డర్ ఉన్నవా, లేనివా? వాడిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎస్ఏపీనా, ఒరాకిలా, ట్యాలీనా? ఎస్ఏపీ అయితే ఆర్డర్ ఉన్న బిల్లులు మిరో అనే స్క్రీన్‌లో, లేనివి ఎఫ్‌బీ60 అనే స్క్రీన్‌లో తనే పోస్ట్ చేసేదా, లేక ఎవరో పోస్ట్ చేస్తే చెక్ చేసేదా? ఎఫ్110 పేమెంట్ రన్ (గడువు వచ్చిన బిల్లులన్నిటికీ ఒకేసారి చెల్లించడం) తన చేతిమీద జరిగిందా? నెలాఖరు క్లోజింగ్‌లో తన వంతు ఏది? ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బులు వెళ్లబోతుంటే ఎప్పుడైనా పట్టుకుందా? వెండార్ల లెక్కకీ మన లెక్కకీ తేడా వస్తే ఎవరు కూర్చుని సరిచేసేవారు?

ఈ జవాబుల్లోంచి నాలుగు వాక్యాలు వస్తే చాలు, రెజ్యూమె నిలబడుతుంది. చిక్కేమిటంటే ఇవి మీ అమ్మాయికి తప్ప ఇంకెవరికీ తెలియవు. రెండేళ్లు దాటింది కాబట్టి తనకూ కొన్ని మసకబారి ఉంటాయి. పాప పడుకున్నాక ఒక నోట్‌బుక్ తీసుకుని, అప్పటి ఒక మామూలు రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా ఎలా గడిచేదో తెలుగులోనే రాసుకోమనండి. గుర్తురాని చోట పాత కొలీగ్‌కు ఫోన్ చేయాలి. సంఖ్యలు సరిగ్గా గుర్తులేకపోతే ‘సుమారు’ అని వేయొచ్చు గానీ ఊహించి మాత్రం వేయకూడదు. ఈ పని చేయకుండా రైటర్ దగ్గరికి వెళితే ఎవరికిచ్చినా డబ్బు దండగ. చేశాక చాలామందికి రైటర్ అవసరమే ఉండదు. ఇంగ్లిష్ సరిచేసే మనిషి దొరికితే సరిపోతుంది.

ఖాళీ గురించి ఒకే ఒక్క వరస: ‘2023 ఆగస్టు నుంచి: పాప పెంపకం కోసం విరామం, ఇప్పుడు వెంటనే చేరగలను.’ దాయక్కర్లేదు, సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. లింక్డిన్‌లో కెరీర్ బ్రేక్ చూపించుకోవడానికి 2022 నుంచి విడిగా ఒక ఏర్పాటే ఉంది. ఇంటర్వ్యూ చేసేవాళ్ల భయం ఖాళీ గురించి కాదు, ‘ఈవిడకు ఇప్పటి రూల్స్ తెలుసా’ అని. జవాబు అక్కడ సిద్ధంగా ఉండాలి. తను ఇంట్లో ఉన్న కాలంలో చాలానే మారాయి. చిన్న, సూక్ష్మ పరిశ్రమలకు చట్టం చెప్పిన గడువులో, అంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, డబ్బు కట్టకపోతే కట్టేదాకా ఆ ఖర్చును పన్ను లెక్కలో చూపించుకోనివ్వని 43బి(హెచ్) నిబంధన వచ్చింది. జీఎస్టీ పోర్టల్‌లో 2024 అక్టోబర్ నుంచి ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లులను ఒప్పుకోవడానికో, తిరస్కరించడానికో) ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమలుతో తను కంఠస్థం చేసిన 194సీ లాంటి టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసే పన్ను) సెక్షన్ నంబర్లు కూడా పాతబడినట్టే. వీటిమీద రెండు వారాలు కూర్చుంటే ఆ ఎనిమిది వేలకంటే ఎక్కువ పనికొస్తుంది. నేర్చుకున్నాకే రెజ్యూమెలో పెట్టాలి సుమా.

ఇక ఫోన్లు రాకపోవడం. నాకైతే రెజ్యూమెకంటే నౌకరీ ప్రొఫైల్ మీదే అనుమానం. రిక్రూటర్ మన ఫైల్ తెరవడానికి ముందు వెతుకుతాడు: అకౌంట్స్ పేయబుల్, ఎస్ఏపీ, మూడు నుంచి అయిదేళ్లు, హైదరాబాద్. కీ స్కిల్స్‌లో ‘ఎంఎస్ ఆఫీస్, హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్’ అని ఉంటే ఆ వెతుకులాటలో మీ అమ్మాయి పేరు ఎలా తేలుతుంది? ఊరు ఇంకా కరీంనగర్ అనే ఉంటే హైదరాబాద్‌కు రావడానికి సిద్ధమని పెట్టాలి. నోటీస్ పీరియడ్ దగ్గర ‘వెంటనే’ అని ఉందో లేదో చూడాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లలో చాలామంది రెండు మూడు నెలల నోటీసు ఇవ్వాల్సి ఉంటుంది కాబట్టి తనకున్న పెద్ద బలం ఇదే. వారానికోసారి ప్రొఫైల్ తెరిచి ఏదో ఒకటి సరిచేస్తూ ఉంటే ఇంకా మంచిది.

రైటర్లు ‘ఏటీఎస్ స్కోరు తొంభై’ అని ఊరిస్తుంటారు. ఏటీఎస్ అంటే వచ్చిన రెజ్యూమెలను చదివి పెట్టుకోవడానికి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ దానిది, అందరికీ ఒకటే స్కోరు అంటూ ఏమీ లేదు. పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. రెజ్యూమె మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. వరసలు కలగాపులగమైతే, ఫోన్ నంబర్ మాయమైతే డిజైన్ మార్చాలి. రెండు కాలమ్‌ల ఫ్యాన్సీ నమూనాల్లో తరచూ వచ్చే ఇబ్బంది ఇది. ఫొటో, తండ్రి పేరు, మతం, ఆధార్ నంబర్, అడుగున ‘ఐ హియర్‌బై డిక్లేర్’ - ఇవేవీ అక్కర్లేదు.

అయినా రైటర్ కావాలనుకుంటే సగమే ముందివ్వండి. ఎన్నిసార్లు మార్చి ఇస్తారో ముందే మాట్లాడుకోండి. పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైల్ కూడా తీసుకోవాలి, లేకపోతే ప్రతి చిన్న మార్పుకూ ఆయన చుట్టూ తిరగాలి. నౌకరీ పాస్‌వర్డ్, ఓటీపీ ఇవ్వొద్దు. వచ్చిన రెజ్యూమెను మీ అమ్మాయి మీ ముందు కూర్చుని వరసవారీగా తెలుగులో వివరించాలి. ఎక్కడ తడబడితే ఆ వరస కొట్టేయడమే.

ఇంకో మాట, తప్పుగా అనుకోకండి. ఉత్తరం మీరు రాశారు, రైటర్‌తో బేరం కూడా మీరే చేస్తున్నట్టున్నారు. తండ్రి మనసు, అర్థమవుతుంది. కానీ ఆ గంట ఫోన్‌లో ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది తను. ఆ గంటసేపు మీరు మనవరాలిని ఎత్తుకుని బయటికి తీసుకెళ్తే చాలు.

అన్నిటికంటే ముందు ఈ వారంలోనే ఒక పని చేయమనండి. యూఏఎన్‌తో ఈపీఎఫ్ఓ పోర్టల్‌లోకి వెళ్లి, పాత కంపెనీ పక్కన మానేసిన తేదీ పడిందో లేదో చూడాలి. కంపెనీలు దాన్ని ఎక్కించడం మరిచిపోతుంటాయి. పడకపోతే, చివరి పీఎఫ్ జమ అయి రెండు నెలలు దాటింది కాబట్టి ఆధార్ ఓటీపీతో తనే నమోదు చేసుకోవచ్చు. రెజ్యూమెలో వేసే తేదీ, అక్కడున్న తేదీ, రిలీవింగ్ లెటర్‌లోని తేదీ మూడూ ఒకటే ఉండేలా చూసుకోవాలి.